కాపలాకు సెలవిచ్చిన పూట

నేను ఒక కంప్యూటర్‌ని. పేరున్న కంపెనీ వాళ్లు సీలు వేసిన పెట్టెలో పెట్టి అమ్మిన సరుకును కాదు. అనంతపురంలో టవర్‌క్లాక్‌కు కాస్త దూరంగా, మేడమెట్ల కింద దూరిన చిన్న కొట్టులో దాదాపీర్ అనే మెకానిక్ ఒక్కో ముక్కా తెచ్చి స్క్రూడ్రైవర్‌తో బిగించిన సరుకును. నా లోపలి ముక్కలు నాలుగు దేశాలవి. పైన రేకు డొక్క ఎక్కడిదో దాదాపీర్‌కే తెలియదు. అయినా ఈ పుట్టుక గురించి నాకు చిన్నతనమేమీ లేదు. ఏది చెడితే అది మార్చుకుంటూ పదమూడేళ్లు పని చేశాను. సీలు వేసిన పెట్టెల్లో దర్జాగా దిగినవాళ్లు ఐదో ఏడు తిరక్కుండానే పాతసామాన్ల బండెక్కడం కళ్లారా చూశాను.

బతుకును నేను బేరంగానే చూస్తాను. ఏమిచ్చాం, ఏం వచ్చింది, ఇచ్చిందానికి వచ్చింది తూగిందా? అంతకు మించిన వేదాంతం నాకు తెలియదు. నన్ను చూడవచ్చిన ప్రతివాడూ అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: "దీంట్లో యాంటీవైరస్ ఉందా?" ఆ ప్రశ్నకు నా దగ్గర గట్టి జవాబుంది. కాని చేతిలో పెట్టేస్తే ఊరికే వచ్చిందని మీరు విలువ ఇవ్వరు. అందుకని అది నాకు ఎలా దొరికిందో చెబుతాను.

నన్ను మొదట కొన్నది ఎర్రిస్వామి. అనంతపురంలోనే కాలేజీ రోడ్డులో ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాడు. రోజుకు అరవై మంది పిల్లలు హాల్‌టికెట్లకనీ, ఫలితాలకనీ వచ్చేవారు. ఒక్కొక్కడి జేబులో ఒక పెన్‌డ్రైవ్. దాన్ని ఎక్కడెక్కడ గుచ్చి వచ్చాడో వాడికే తెలియదు, తిన్నగా తెచ్చి నాకు గుచ్చేవాడు. ఆ రోజుల్లో నాలో పుట్టుకతో వచ్చిన కాపలా అంటూ చెప్పుకోదగ్గది లేదు. వారానికోసారి నాకు ఏదో ఒక రోగం తగులుకునేది. ఫోల్డర్లు మాయమయ్యేవి. ఒకే ఫోల్డర్ పిల్లల్ని పెట్టినట్టు పది ఫోల్డర్లయ్యేది.

ఎర్రిస్వామికి విసుగొచ్చి యాంటీవైరస్ కొన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఒకటి మంచిదైతే రెండు ఇంకా మంచివి కదా అని రెండోది ఎక్కించాడు. ఒక విద్యార్థి మూడోది బాగుందన్నాడని అదీ ఎక్కించాడు. ఇక చూడండి నా అవస్థ. ఒక కాపలావాడు ఫైలును తెరిచి తనిఖీ చేస్తుంటే, 'ఎవడో ఫైలు ముట్టుకుంటున్నాడు' అని రెండోవాడు వాణ్ణి పట్టుకునేవాడు. ఆ ఇద్దర్నీ మూడోవాడు అనుమానించేవాడు. ముగ్గురూ జుట్టూ జుట్టూ పట్టుకుంటే నేను ఊపిరాడక నిలిచిపోయేవాణ్ణి. దాదాపీర్ వచ్చి చూసి తల కొట్టుకున్నాడు.

"ఏం స్వామన్నా, ఒగ వాకిలికి ముగ్గురు గూర్ఖాలా? వాళ్లు వాళ్లే కొట్టుకుంటాంటే దొంగ నడిమింట్లో కూసోని కాఫీ తాగతాడు."

"గట్టిగా ఉంటాదని పెట్టినా కదప్పా!"

"గట్టిగానే ఉండాది. కదల్ల్యాకుండా గట్టిగా ఉండాది."

రెండింటిని పీకేసి ఒకటి ఉంచాడు. ఆ పూట నుంచి నేను మళ్లీ పరుగెత్తాను. నాకు దొరికిన మొదటి పాఠం అది. కాపలా ఒక్కటి చాలు. అరవై మంది చేయిపెట్టే చోట ఆ ఒక్కటీ తప్పకుండా కావాలి. అక్కడ ఎర్రిస్వామి పెట్టిన ఖర్చు దండగ కాదు. ఆ తర్వాత ఫోన్లలోనే ఫలితాలు రావడం మొదలైంది, సెంటర్ మూతపడింది, మూడేళ్ల ముచ్చట ముగిసింది. దాదాపీర్ నన్ను తీసుకెళ్లి తుడిచి, ధర్మవరం చౌడప్పకు అమ్మాడు.

చౌడప్ప పట్టుచీరల డిజైనర్. చీర నేసేది మగ్గమే అయినా, అంచులో హంస ఎక్కడ మెడ తిప్పాలో, కొంగులో మామిడిపిందె ఎంత వంగాలో ముందుగా గళ్ల కాగితం మీద గీసేది అతను. ఆ గళ్లను నాలోకి ఎక్కిస్తాడు. నాలోంచి తీసుకెళ్లి దళసరి అట్టలకు తూట్లు కొట్టిస్తాడు. తూటు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. పోగుకు ఒక అట్ట చొప్పున వందల అట్టల్ని దారంతో కుట్టి దండలా మగ్గం నెత్తిన వేలాడదీస్తారు. తూటు ఉంటే ఒకటి, లేకుంటే సున్న. నేను బతికేదీ ఆ భాషలోనే. ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజే చుట్టాలింటికి వచ్చినట్టు అనిపించింది.

ధర్మవరంలో డిజైను బయటికి పొక్కడమంటే పంట కోయకముందే కళ్లం దోచుకుపోవడమే. ఒక అంచు బాగుందంటే పక్షం తిరక్కుండా నాలుగు వీధుల్లో అదే అంచు నేస్తారు. అందుకే చౌడప్పకు అనుమానం పుట్టుమచ్చలాంటిది. గీసిన కాగితాన్ని భార్య సుంకమ్మకు కూడా పూర్తిగా చూపేవాడు కాదు. నాలోకి ఎక్కించగానే కాగితాన్ని పెరట్లో కాల్చేసేవాడు. నేతగాళ్లకు అట్టలు ఇచ్చేటప్పుడు, పని కాగానే కాల్చేయాలని ఇంటిదేవత చౌడేశ్వరమ్మ మీద ఒట్టు పెట్టించుకునేవాడు.

అలాంటి మనిషి నా విషయంలో మాత్రం నిశ్చింతగా ఉండేవాడు. కారణం యాంటీవైరస్. ఏడాదికోసారి దాదాపీర్ దగ్గర కొని తెచ్చేవాడు. ఆయుధపూజ నాడు నాకు పసుపు, కుంకుమ, నిమ్మకాయ. ఆ యాంటీవైరస్ డబ్బాకూ అన్నీ సమానంగా. డబ్బా పైమూతను కత్తిరించి నా తెరకు పైన గోడకు అంటించాడు కూడా. అది తాయెత్తు అనుకున్నాడు. తాయెత్తు కట్టుకున్నవాడికి ధైర్యం ఎక్కువ. ఎవరి పెన్‌డ్రైవ్ అయినా గుచ్చేవాడు, ఏ లింకు వచ్చినా నొక్కేవాడు. తెర మూలన ఇంగ్లీషులో హెచ్చరిక వస్తే ఈగను తోలినట్టు తోలేసేవాడు.

"ఏందో అడుగుతాండాది చూడు," అనేది సుంకమ్మ.

"అది దాని పని, అరుస్తానే ఉంటాది. డబ్బు కట్టినాం కదా, అదే చూసుకుంటాది."

ఇక సిస్టమ్ అప్‌డేట్ అన్నది ఎనిమిదేళ్లలో ఒక్కనాడూ చేయనివ్వలేదు. ఎందుకంటే నాలో ఉన్న డిజైన్ సాఫ్ట్‌వేర్ కొన్నది కాదు, తాళం పగలగొట్టి ఎవరో పంచిపెట్టింది. అప్‌డేట్ చేస్తే అది మొరాయిస్తుందని భయం. తన అంచును ఎవరైనా కాపీ కొడితే వీధిలో నిలబడి దుమ్మెత్తిపోసే మనిషి, ఇంకొకడి సాఫ్ట్‌వేర్‌ను మాత్రం తడుముకోకుండా వాడుకున్నాడు. మనుషుల తక్కెడలో రెండు పళ్లాలు ఎప్పుడూ ఒకే బరువు చూపించవు. నేను ఆశ్చర్యపోవడం మానేశాను.

ఆ ఏడు శ్రావణం ముహూర్తాలకు నేతగాళ్ల సంఘం ఒకటి చౌడప్పకు పెళ్లిచీర డిజైను అప్పగించింది. ముప్పై మగ్గాలు దానికోసం ఖాళీ పెట్టుకుని కూర్చున్నాయి. చౌడప్ప నాలుగు నెలలు కూర్చుని ఏడు నెమళ్ల కొంగు గీశాడు. ఒక్కో నెమలి ఒక్కో భంగిమలో, పక్కదాని తోకలోంచి పుట్టుకొచ్చినట్టు ఉంటుంది. ఎప్పటిలాగే కాగితం కాల్చేశాడు. ఇంకా అట్టలు కొట్టించలేదు. అంటే ఆ ఏడు నెమళ్లకూ లోకం మొత్తం మీద నేనొక్కణ్ణే గూడు. వాటితోపాటు ఎనిమిదేళ్లలో గీసిన మూడువందల పన్నెండు డిజైన్లు. ఆ మనిషి బువ్వ, పేరు, రేపటి ఆర్డర్లు అన్నీ నా ఒక్క డొక్కలో ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే డిజైనర్ల ఫోన్ గ్రూపులో ఎవరో ఆ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ పంపారు. రంగులు ఇంకా బాగా చూపిస్తుందట. దానితో పాటు ఒక చీటీ: "ఎక్కించే ముందు యాంటీవైరస్ ఆపండి. లేకుంటే ఎక్కదు."

పొద్దున తొమ్మిదింటికి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని చౌడప్ప ఆ ఫైలు నొక్కాడు. నా కాపలావాడు ఒక్కసారిగా లేచి ఎర్ర అక్షరాలతో అడ్డుపడ్డాడు. ఎనిమిదేళ్లు జీతం తిన్నందుకు వాడు అసలైన పని చేసిన పూట అదొక్కటే. చౌడప్ప విసుక్కున్నాడు. చీటీలో చెప్పిన ప్రకారం సెట్టింగుల్లోకి వెళ్లి, వెతికి వెతికి, వాణ్ణి ఆపేశాడు. "నిజంగానే ఆపమంటారా?" అని అడిగాను. అది అడగడం నా విధి. "అవును" నొక్కాడు. గోడ మీద తాయెత్తు అలాగే ఉంది. వాకిట్లో కాపలా లేదు.

సాఫ్ట్‌వేర్ చక్కగా ఎక్కింది. రంగులు నిజంగానే బాగున్నాయి. చౌడప్ప మురిసిపోయి, కాపలావాణ్ణి మళ్లీ లేపడం మరిచిపోయాడు.

మూడో నాడు పొద్దున నన్ను ఆన్ చేస్తే తెర నిండా ఒకే ఒక కాగితం. ఫైళ్లన్నిటికీ తాళం వేశామనీ, తాళంచెవి కావాలంటే ఫలానా మొత్తం ఏదో కంటికి కనబడని విదేశీ నాణెంలో కట్టాలనీ రాసి ఉంది. చౌడప్ప హంసను నొక్కాడు, తెరుచుకోలేదు. మామిడిపిందెను నొక్కాడు. చివరికి నెమళ్లను నొక్కాడు. నా లోపల అన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. కాని ఏ ఒక్కదాన్నీ నేను చదవలేను. ఇంట్లో ధాన్యం పుట్లకొద్దీ ఉండి, గాదెకు ఎవడో గోడ కట్టేసినట్టుంది నా పరిస్థితి.

దాదాపీర్ బస్సు దిగి వచ్చేసరికి చౌడప్ప వాకిట్లోనే కాచుకుని ఉన్నాడు.

"నువ్వే కదప్పా ఏడాదేడాదీ అమ్మింది! యాడికి పాయె నీ యాంటీవైరస్?" అని విరుచుకుపడ్డాడు.

దాదాపీర్ నన్ను పది నిమిషాలు పరీక్షించాడు. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి, "చౌడప్పన్నా, సోమవారం తొమ్మిదీ పదికి దాన్ని ఆపింది ఎవురు?" అన్నాడు.

చౌడప్ప కళ్లు గోడ మీది డబ్బామూత వైపు పోయాయి.

"కుక్క అరిసింది. నువ్వు దాన్ని కట్టేసి, తలుపు నువ్వే తీసి, దొంగకు కాళ్లకు నీళ్లిచ్చినావు. కుక్కను తిడితే ఏమొస్తాది?"

"ఆ డబ్బు కట్టేద్దామా పోనీ? పుస్తెలు కుదవ పెడతాను," అంది సుంకమ్మ.

"వద్దక్కా. కట్టినాక చెవి ఇస్తాడని ఎవురు పూచీ? దొంగకు రసీదు ఉండదు. రెండో కాపీ యాడన్నా ఉండాదా, అది చెప్పండి."

"కాపీనా?" చౌడప్ప ఆ మాటకే ఉలిక్కిపడ్డాడు. "కాపీ కాకూడదనే కదా నేను కాగితాలు గూడా కాల్చింది!"

అప్పుడు సుంకమ్మ చెప్పాలా వద్దా అన్నట్టు చూసి, "కదిరప్ప మామను పిలిపించు. తిట్టనని నాకు మాటియ్యి ముందు," అంది.

కదిరప్ప అరవై దాటిన నేతగాడు, ఆ వీధిలో అందరికీ పెద్ద. నులకమంచం మీద కూర్చుని, విషయమంతా విన్నాడు.

"అల్లుడా, తప్పు మాదే. ఒట్టు పెట్టినాం గానీ అట్టలు కాల్చలేదు. పెండ్లిచీర నేసిన అట్ట పొయ్యిలో పెడితే ఆ పెండ్లికే మంచిది గాదని మా యమ్మ చెప్పేది. ఎట్ల కాలుస్తాం? అటక మీద పడేసినాం. నేనొగడ్నే గాదు, అందరమూ అంతే."

"అందరూనా!" చౌడప్ప లేచి నిలబడ్డాడు. ఇంకో రోజైతే ఊరు దద్దరిల్లేది. ఆ రోజు మాత్రం ఉన్నట్టుండి కూలబడి, ముసలాయన రెండు చేతులూ పట్టుకున్నాడు. నాకు తెలిసి ఒట్టు తప్పినవాడి చేతులు అంత ఆబగా పట్టుకున్న మనిషి ఇంకొకడు లేడు.

మధ్యాహ్నానికి అట్టలు రావడం మొదలైంది. సైకిళ్ల మీద, తలల మీద, ఒకటి చంటిపిల్ల ఉయ్యాల గుడ్డలో. ఒక దండను ఎవరో కోళ్లగంప కింద ఎత్తు కోసం పెట్టుకున్నారట. దాని తూట్ల నిండా గింజలు. రెండు దండలు చెదలు తిన్నాయి. ఒక ఇంట్లో అట్టల్ని విసనకర్రలుగా వాడుతూ వచ్చారు. దాదాపీర్ నా పాత డిస్కును ఊడదీసి, పాతగుడ్డలో చుట్టి సుంకమ్మ చేతికిచ్చాడు. "పారేయద్దక్కా. ఇట్లాంటి తాళాలకు మంచోళ్లు ఎప్పుడన్నా చెవులు కనిపెట్టి ఊరికే పంచుతారు," అన్నాడు. నాకు కొత్త డిస్కు, కొత్త సిస్టమ్ వేశాడు. మగ్గం మీద నూలు మారినంత మాత్రాన మగ్గం మారదు. నేను నేనే. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఈసారి వాయిదాల మీద కొన్నదే. చౌడప్ప మొదటి వాయిదా అక్కడికక్కడే కట్టేశాడు.

తర్వాత నెల రోజులు ఆ ఇంట్లో జరిగింది చదువు. సుంకమ్మ అట్టను కిటికీ వెలుతురుకు పట్టుకుని చదివేది. "రెండు తూట్లు, మూడు ఖాళీ, ఒగటి, మళ్లా నాలుగు ఖాళీ..." చౌడప్ప గళ్లు నొక్కేవాడు. తప్పు నొక్కితే కదిరప్ప మంచం మీంచే పట్టేసేవాడు.

"హంసకు ముక్కు యాడుండాది అల్లుడా? అది బాతయిపాయె."

"చూడకుండా ఎట్ల చెప్తాండావు మామా?"

"ముప్పై చీరలు నేసినా దీంతో. మగ్గం తొక్కిన నా కాళ్లకు తెలుసు."

మూడువందల పన్నెండులో రెండువందల ఎనభై తొమ్మిది తిరిగి వచ్చాయి. సంఘం పెద్దలు ఖాళీ మగ్గాలకు ముందుగా పాత అంచులు ఎక్కించుకున్నారు, కొంగుకు గడువిచ్చారు. కాని ఏడు నెమళ్లకు అట్టలు లేవు. వాటికి అడ్డదారి లేదు, మళ్లీ గీయాలి. ఒకసారి నడిచిన దారే గనుక ఈసారి నాలుగు నెలలు పట్టలేదు. ఈసారి చౌడప్ప కాగితాన్ని బోర్లించి పెట్టలేదు. నడిమింట్లో అందరి ఎదుటా గీశాడు. సుంకమ్మ ఒక తోకను తిప్పించింది. కదిరప్ప ఒక చోట దారం తెగుతుందని రెండు గళ్లు జరిపించాడు. పన్నెండు రోజులు ఆలస్యంగా, శ్రావణం ఇంకా పదిహేను దినాలు మిగిలి ఉండగా, నెమళ్లు మగ్గమెక్కాయి.

పని ముగిశాక చౌడప్ప దాదాపీర్‌ను సూటిగా అడిగాడు. "ఇప్పుడు చెప్పప్పా. యాంటీవైరస్ కొనాల్నా, వద్దా? అమ్మేవానిగా గాదు, మనిషిగా చెప్పు."

"అమ్మేవాన్నే, అయినా చెప్తా," అన్నాడు దాదాపీర్. "కొత్త సిస్టమ్‌తోనే ఒగ కాపలా వస్తాది ఇప్పుడు. ఇంట్లో ఒగరిద్దరు వాడుకునేదానికి అది సాలు. నువ్వు చేయాల్సిందల్లా దాన్ని ఆపకపోవడం, అప్‌డేట్ అడిగితే చెయ్యనియ్యడం. పదిమంది పెన్‌డ్రైవులు గుచ్చే కొట్టయితే డబ్బు కట్టి ఇంకా గట్టిది తీసుకో, తప్పు లేదు. ఏదైనా సరే, ఒగటే పెట్టు. ఇంగ నాలుగు దినాలకొగసారి అన్నీ ఇంకో డిస్కులోకి ఎక్కించి, వైరు పీకి, వేరే ఇంట్లో పెట్టు. కాపలా ఎంత మంచిదైనా ఒగనాడు కునుకు తీస్తాది."

"వేరే ఇంట్లో అంటే?"

"నువ్వు నమ్మే ఇంట్లో."

చౌడప్ప రెండో డిస్కును కదిరప్ప ఇంట్లో పెట్టాడు. గోడ మీది డబ్బామూతను తీసేశాడు. నాకు సంబంధించినంత వరకు జవాబు అదే, అంతకంటే ఖరీదైనది ఎవరి దగ్గరా లేదు. కాపలా కావాలి, అది చాలావరకు ఇంట్లోనే ఉంది. కొనలేనిది ఒక్కటే, దాన్ని లేపి ఉంచే బుద్ధి.

ఇది జరిగి రెండేళ్లయింది. నాకిప్పుడు ఫ్యాను గురక పెడుతోంది, వచ్చే దసరాకు నన్ను మారుస్తారని తెలుసు. పోయిన వారం దాదాపీర్ పనిగట్టుకుని ధర్మవరం వచ్చాడు. ఆ తాళానికి చెవి దొరికిందట. ఎవరో కనిపెట్టి అందరికీ ఉచితంగా ఇస్తున్నారట. సుంకమ్మ బీరువాలోంచి గుడ్డమూట తెచ్చింది. పాత డిస్కును నాకు తగిలించారు. ఒక పూట గడిచాక, నాలుగు నెలల కష్టం, ఎవరి కంటా పడని ఆ మొదటి ఏడు నెమళ్లు నా తెర మీద తెరుచుకున్నాయి.

చౌడప్ప కళ్లజోడు సవరించుకుని దగ్గరికి వంగాడు.

"దీనికా నేను కాగితం కాల్చింది?" అన్నాడు.

"బాగుండాయి కదయ్యా," అంది సుంకమ్మ.

"బాగుండాయి. మూడోదానికి కాలు ఒగటే ఉండాది."

ఇద్దరూ విరగబడి నవ్వారు. దాదాపీర్ కూడా వచ్చి చూసి నవ్వాడు. తర్వాత చౌడప్ప ఆ బొమ్మను అలాగే, ఏమీ దిద్దకుండా, వీధిలో నేతగాళ్లందరి ఫోన్లకూ పంపి, "ఎవురికి కావాలంటే వాళ్లు నేసుకోండి" అని రాశాడు. పంపిన నిమిషానికే కదిరప్ప నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది, నా స్పీకర్లోనే వినిపించారు:

"అల్లుడా, కాలు నేను పెట్టుకుంటాలే. అట్టలు ఎప్పుడు పంపుతావు?"